పోయిన చోటే వెతుక్కోవడం మానేశాక: క్రిప్టో ట్రేడింగ్‌లో నా అనుభవం

ఖాతాలో సగానికి పైగా కరిగిపోయాక నేను చేసిన వాటిలో నిజంగా పనికొచ్చింది ఒక్కటే. ఎక్స్ఛేంజ్ (కాయిన్లు కొని అమ్మే వేదిక) నుంచి నా ట్రేడ్ హిస్టరీ మొత్తం సీఎస్‌వీ ఫైల్‌గా, అంటే స్ప్రెడ్‌షీట్‌లో తెరుచుకునే పట్టికగా, దించుకుని ఒక్కో లైన్ చదవడం. దానికి ముందు అందరూ చేసేవే నేనూ చేశాను, ధర ఎటు పోతుందో సూచించే కొత్త ఇండికేటర్ వెతికాను, చార్ట్ టైమ్‌ఫ్రేమ్ మార్చాను, సిగ్నల్స్ ఇస్తామనే గ్రూపుల్లో చేరి వాళ్ళు పెట్టే లాభాల స్క్రీన్‌షాట్లు చూసి ఇంకా నీరసపడ్డాను. వీటన్నిటి వెనకా ఉన్న ఆలోచన ఒకటే, ఎంట్రీలు, అంటే ట్రేడ్‌లోకి దిగే చోట్లు, సరిగ్గా లేవు కాబట్టే డబ్బు పోయిందని. ఫైల్ మాత్రం వేరే సంగతి చెప్పింది.

అందులో మామూలు కాలమ్సే ఉంటాయి. ఏ కాయిన్, ఏ టైమ్, ఎంత సైజ్, ఎంత ఫీజు, ఎంత వచ్చింది లేదా ఎంత పోయింది. వాటి పక్కన ఇంకొన్ని కాలమ్స్ నేనే కలిపాను. దీనికి ముందు ట్రేడ్‌లో లాభమా నష్టమా, అది మూసిన ఎన్ని నిమిషాలకి ఇది తెరిచాను, ఖాతాలో ఎంత శాతం పణంగా పెట్టాను, స్టాప్ (ధర అక్కడిదాకా పడితే దానంతట అదే ట్రేడ్ మూసేసి నష్టాన్ని ఆపే ఆర్డర్) పెట్టానా లేదా, పెడితే దాన్ని తర్వాత జరిపానా. ఇవి నింపడం మహా చిరాకు పని. స్టాప్ ఎన్నిసార్లు జరిపానో తెలియాలంటే ఆర్డర్ హిస్టరీ అనే వేరే ఫైల్ తీసి, క్యాన్సిల్ అయిన ఆర్డర్లన్నీ టైమ్ ప్రకారం పక్కపక్కన పెట్టి చూడాలి. అలా చూస్తుంటే ఒకే పొజిషన్‌కి (తెరిచి ఉన్న ట్రేడ్‌కి) స్టాప్ ఆర్డర్ క్యాన్సిల్, కొంచెం కింద కొత్త స్టాప్, మళ్ళీ క్యాన్సిల్, ఇంకా కింద ఇంకోటి, చివరికి అసలు స్టాపే లేకుండా మార్కెట్ ఆర్డర్‌తో (అప్పుడు ఏ ధర ఉంటే ఆ ధరకి) బయటపడటం, వరసగా కనిపిస్తాయి. ఆ టైమ్‌లో ఏ ఆలోచనలో ఉన్నానో ఏ డైరీ రాసినా అంత నిజాయితీగా చెప్పదు.

అన్నీ నింపాక కాలమ్స్ ప్రకారం సార్ట్ చేశాను. తీరిగ్గా ప్లాన్ చేసుకుని, స్టాప్ కదపకుండా, మామూలు సైజుతో వేసిన ట్రేడ్లు కాస్త అటూ ఇటూగా సమానంగా తేలాయి. గొప్ప లాభాలేం లేవు, కానీ ఖాతాని ముంచింది మాత్రం అవి కాదు. నష్టం తగిలిన గంటలోపు, రెట్టింపు మూడింతల సైజుతో తెరిచిన ట్రేడ్లే అసలు డబ్బు తినేశాయి. రెండో ముద్దాయి జరిపిన స్టాప్‌లు, మూడోది ఫీజులు. పెద్దవాళ్ళు పోయిన చోటే వెతుక్కోవాలంటారు, ఉంగరం పోతే సరే, మార్కెట్లో పోయిన డబ్బుకి మాత్రం ఈ మాట విషం. పోగొట్టిన కాయిన్‌కి మీ పేరు తెలీదు, మీకు బాకీ కూడా లేదు. అయినా సరే అదే చార్ట్, అదే కాయిన్, ఇంకాస్త పెద్ద సైజు, ఇదీ నా ఫైల్లో పదే పదే కనిపించిన వరస.

ఇందులో నా ప్రత్యేకత ఏమీ లేదని తర్వాత చదివితే అర్థమైంది. 1979లో డేనియల్ కానెమన్, అమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపించింది ఇదే. లాభం చేతిలో ఉన్నప్పుడు జాగ్రత్తగా ఉండే మనిషే, ఖాయమైన నష్టం ఎదురుగా కనిపిస్తే దాన్ని ఒప్పుకోలేక, ఇంకా పెద్దది పోయే అవకాశం ఉన్నా సరే జూదం వైపు మొగ్గుతాడు. 1985లో షెఫ్రిన్, స్టాట్‌మన్ దీన్నే షేర్లకి అన్వయించి, జనం లాభంలో ఉన్నవి తొందరగా అమ్మేసుకుని నష్టంలో ఉన్నవి పట్టుకుని కూర్చుంటారని రాశారు. స్టాప్ కిందికి జరపడం అంటే సరిగ్గా ఇదే, 20 పోతుందని ఒప్పుకోవడం ఇష్టం లేక 60 పణంగా పెట్టడం. ఎక్కువగా ట్రేడ్ చేయడం గురించి కూడా గట్టి లెక్క ఒకటి ఉంది. బార్బర్, ఓడియన్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు 1991 నుంచి 1996 వరకు అమెరికాలో 66 వేలకు పైగా కుటుంబాల షేర్ ఖాతాలు పరిశీలిస్తే, అందరికంటే ఎక్కువగా కొని అమ్మినవాళ్ళకి ఏడాదికి 11.4 శాతం వచ్చింది, అదే కాలంలో మార్కెట్‌కి 17.9 శాతం వచ్చింది. అవి షేర్లు, రాత్రికి మూతపడే మార్కెట్. క్రిప్టోకి శని ఆదివారాలు లేవు, రాత్రీ పగలూ లేవు, పైగా లెవరేజ్ (కొంచెం డబ్బు పెట్టి దానికి ఎన్నో రెట్ల సైజులో ట్రేడ్ తీయడం) ఫోన్‌లో వేలి కిందే ఉంటుంది.

కోలుకోవడం లెక్క కూడా ఒకసారి కాగితం మీద వేసుకున్నాను. 20 శాతం పోతే మళ్ళీ అక్కడికి రావడానికి 25 శాతం సంపాదించాలి, ఇది ఫర్వాలేదు. 50 పోతే 100 శాతం కావాలి. 80 పోతే 400. నష్టం పెరిగే కొద్దీ ఎక్కాల్సిన కొండ అంతకంటే వేగంగా పెరుగుతుంది, అందుకే పెద్ద దెబ్బ తిన్నవాడికి పెద్ద లెవరేజ్ న్యాయంగానే అనిపిస్తుంది, నిండా మునిగినవాడికి చలేమిటి అని. 2021 నవంబర్‌లో దాదాపు 69,000 డాలర్లు తాకిన బిట్‌కాయిన్ ఏడాది తిరిగేసరికి 16,000 కిందికి వచ్చింది, పాత శిఖరం మళ్ళీ దాటింది 2024 మార్చిలో. మొత్తం మార్కెట్‌లోకెల్లా గట్టి కాయిన్‌కే అంత టైమ్ పట్టింది, నేనేమో నా ఖాతాని రెండు వారాల్లో పాత అంకెకి తేవాలని కూర్చున్నాను. అందుకే షీట్‌లో మొదట పెట్టిన పెట్టుబడి అంకెని తీసేశాను. ఇవాళ ఖాతాలో ఎంత ఉందో అదే నా మొదటి అంకె. ఇది రాసినంత తేలిక కాదు, మనసులో ఆ పాత అంకె చాలా రోజులు తిరుగుతూనే ఉంటుంది, కానీ కళ్ళ ముందు లేకపోవడం వల్ల కొంత తేడా ఉంది.

ఇక సైజ్. నా వరకు మొత్తం వ్యవహారంలో సగం ఇదే, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. అప్పటిదాకా నేను సైజ్ ముందు అనుకునేదాన్ని, 500 పెడదాం, 1,000 పెడదాం అని, స్టాప్ తర్వాత ఎక్కడో ఒకచోట. ఇప్పుడు వరస తిరగేశాను. ముందు చార్ట్ మీద, నా ఆలోచన తప్పని ఏ ధర దగ్గర తేలుతుందో చూస్తాను, అది స్టాప్. తర్వాత ఖాతాలో ఎంత పోయినా నిద్ర పడుతుందో అది, అంటే మొదట్లో పావు శాతం, ఎప్పటికీ 1 శాతం మించకూడదు. ఈ రెండూ తెలిస్తే సైజ్ దానంతట అదే వస్తుంది. ఉదాహరణకి ఖాతాలో 2,000 యూఎస్‌డీటీ (ఒక్కోటి దాదాపు ఒక డాలర్ విలువ చేసే కాయిన్) ఉంది, 1 శాతం అంటే 20. కాయిన్ ధర 50, స్టాప్ 48, అంటే 4 శాతం దూరం. 20ని 4 శాతంతో భాగిస్తే 500. అంతే, 500 విలువైన పొజిషన్, 10 కాయిన్లు. స్టాప్ తగిలితే కాయిన్‌కి 2 చొప్పున 20 పోతుంది. అదే స్టాప్ 8 శాతం దూరంలో ఉండాల్సిన ఎగుడుదిగుడు కాయిన్ అయితే సైజ్ 250కి పడిపోతుంది. కాయిన్ ఎంత పిచ్చిగా కదిలితే నా పొజిషన్ అంత చిన్నది, ఇందులో నా ధైర్యానికి, నమ్మకానికి చోటే లేదు. ఈసారి ఖాయం అనిపించిన ట్రేడ్‌కి కూడా అదే సూత్రం, ఎందుకంటే ఫైల్‌లో నా ఖాయాలు మిగతావాటి కంటే మెరుగ్గా ఏమీ లేవు.

ఈ లెక్క వచ్చాక లెవరేజ్ అనేది చాలా మామూలు విషయం అయిపోయింది. 500 పొజిషన్‌ని 5 రెట్లతో తీస్తే 100 మార్జిన్ (మన జేబులోంచి పెట్టే డబ్బు), 10 రెట్లతో తీస్తే 50 మార్జిన్, స్టాప్ తగిలితే రెండిట్లోనూ పోయేది అదే 20. కానీ 25 రెట్లు పెట్టారనుకోండి, మెయింటెనెన్స్ మార్జిన్ (పొజిషన్ నిలవడానికి కనీసం మిగలాల్సిన డబ్బు) కూడా కలుపుకుంటే 4 శాతం పడకముందే లిక్విడేట్ అయిపోతుంది, అంటే ఎక్స్ఛేంజే బలవంతంగా మూసేస్తుంది, స్టాప్ అక్కడ ఊరికే అలంకారం. లెవరేజ్ ఎంత పెట్టినా లిక్విడేషన్ ధర స్టాప్‌కి చాలా దూరంగా ఉండాలి, నేను చూసేది ఇదొక్కటే. మార్జిన్ ఎప్పుడూ ఐసొలేటెడ్‌లోనే, అంటే ఆ పొజిషన్‌కి కేటాయించిన డబ్బు మాత్రమే పణం. క్రాస్‌లో పెడితే ఒక్క పొజిషన్ తప్పినా ఖాతాలో మిగతా డబ్బు కూడా దాన్ని కాపాడటానికి వెళ్ళిపోతుంది. అనుభవం ఉన్నవాళ్ళకి దాని ఉపయోగాలు ఉంటాయేమో, దెబ్బ తిని వచ్చినవాళ్ళకి మాత్రం అది తలుపు తీసి పెట్టిన బీరువా.

ఫీజుల సంగతి నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది. చాలా చోట్ల ఫ్యూచర్స్‌లో (కాయిన్ కొనకుండానే దాని ధర మీద వేసే కాంట్రాక్టుల్లో) మార్కెట్ ఆర్డర్‌కి ఫీజు 0.05 శాతం దగ్గర ఉంటుంది, చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంది. కానీ అది మార్జిన్ మీద కాదు, మొత్తం పొజిషన్ మీద. పై ఉదాహరణలో 500 మీద రానూ పోనూ కలిపి అర యూఎస్‌డీటీ, 20 రిస్క్‌లో అది లెక్కలోకి రాదు. అదే నేను ఒకప్పుడు చేసినట్టు ఐదు నిమిషాల చార్ట్‌లో అర శాతం దూరంలో స్టాప్ పెట్టి 20 రిస్క్ చేయాలంటే పొజిషన్ 4,000 అవ్వాలి, రానూ పోనూ ఫీజు 4. అంటే ట్రేడ్ గెలిచినా ఓడినా ముందే రిస్క్‌లో ఐదో వంతు ఫీజుకి. ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. 100 ట్రేడ్లలో 40 గెలిచి, గెలిచినప్పుడు రిస్క్‌కి రెట్టింపు వస్తే, ఓడిన 60 తీసేశాక మిగిలేది ఒక్క ట్రేడ్ రిస్క్‌కి 20 రెట్ల లాభం, అంటే ట్రేడ్‌కి సగటున రిస్క్‌లో ఐదో వంతు. ఆ ఐదో వంతుని ఫీజు తీసుకుపోయింది. మంచి పద్ధతి ఉండి కూడా సున్నా దగ్గర నిలబడటం అంటే ఇదే. స్టాప్‌లు దగ్గరగా పెట్టే చిన్న టైమ్‌ఫ్రేమ్‌లు నేను వదిలేయడానికి కారణం క్రమశిక్షణ కంటే ఈ కూడికలు తీసివేతలే.

ఫండింగ్ ఇంకోటి. పర్పెచువల్ అనే, గడువు తేదీ లేని ఫ్యూచర్స్ కాంట్రాక్టులో పొజిషన్ పట్టుకుని ఉంటే చాలా ఎక్స్ఛేంజ్‌లలో 8 గంటలకోసారి ఒక వైపు వాళ్ళు ఇంకో వైపు వాళ్ళకి కట్టాలి. మామూలుగా 0.01 శాతం దగ్గర ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు, అందరూ కొనే ఊపులో ఉన్నప్పుడు అది 0.1కి కూడా వెళ్తుంది. అప్పుడు 500 పొజిషన్‌కి రోజుకి ఒకటిన్నర, వారం పట్టుకుంటే పదికి పైగా, అంటే నా రిస్క్‌లో సగం ధర కదలకుండానే పోయినట్టు. అందరూ ఒకే వైపు ఉన్నారని ఫండింగే చెప్తుంది కాబట్టి, అది అంత పెరిగినప్పుడు నేను ఆ వైపు కొత్త పొజిషన్ తెరవను.

స్టాప్ ఆర్డర్ రకాల గురించి ఎవరూ మొదట్లో చెప్పరు. స్టాప్ లిమిట్ అంటే ధర ఒక చోటికి రాగానే లిమిట్ ఆర్డర్ (మనం చెప్పిన ధరకి లేదా అంతకంటే మంచి ధరకే నడిచేది) పడుతుంది, మార్కెట్ దాన్ని దాటేసి వేగంగా పడిపోతే ఆర్డర్ అలాగే పైన వేలాడుతూ ఉంటుంది, పొజిషన్ కింద మునిగిపోతూ ఉంటుంది. నాకు ఒకసారి ఇదే అయింది. స్క్రీన్ మీద ఆర్డర్ కనిపిస్తూనే ఉంది, ఓపెన్ అని రాసి కూడా ఉంది, ధర మాత్రం దానికి 3 శాతం కింద ఉంది. అప్పటి నుంచి స్టాప్ మార్కెట్ మాత్రమే. అనుకున్న దానికంటే కాస్త చెడ్డ ధరకి బయటపడతాం, కానీ బయటపడతాం. దానికి రిడ్యూస్ ఓన్లీ అనే గుర్తు పెట్టడం కూడా అలవాటు చేసుకోండి. లేకపోతే పొజిషన్ చేత్తో మూసేశాక మర్చిపోయిన పాత స్టాప్ ఆర్డర్ ఎప్పుడో తగిలి, మీకు తెలియకుండా ఎదురు వైపు కొత్త పొజిషన్ తెరుచుకుంటుంది. స్టాప్ తగలడం లాస్ట్ ప్రైస్ (ఆ ఎక్స్ఛేంజ్‌లో చివరి ట్రేడ్ ధర) మీదా మార్క్ ప్రైస్ (పలు ఎక్స్ఛేంజ్‌ల ధరలు కలిపి లెక్కేసేది) మీదా అన్నది కూడా చూసుకోవాలి. లిక్విడేషన్ సాధారణంగా మార్క్ ప్రైస్ మీద జరుగుతుంది, ఒక్క ఎక్స్ఛేంజ్‌లో ఒక్క క్షణం ధర దూకి వెనక్కి రావడం వల్ల చార్ట్‌లో కనిపించే పొడవాటి వత్తికి స్టాప్ తగలకూడదనుకుంటే మార్క్ ప్రైస్ కాస్త నయం.

ఇవన్నీ సరిగ్గా పెట్టినా స్టాప్ అనేది గ్యారంటీ కాదు. 2025 అక్టోబర్ 10న ట్రంప్ చైనా సరుకుల మీద అదనంగా 100 శాతం సుంకం వేస్తానని ప్రకటించాక ఒక్క రోజులో 1,900 కోట్ల డాలర్లకు పైగా పొజిషన్లు లిక్విడేట్ అయ్యాయి. చిన్న కాయిన్లలో కొన్నిటికి కొన్ని నిమిషాల పాటు కొనేవాళ్ళే లేరు. లాభంలో ఉన్న షార్ట్ (ధర పడితే లాభమొచ్చే) పొజిషన్లని కూడా ఆటో డీలెవరేజింగ్ పేరుతో ఎక్స్ఛేంజ్‌లే మూసేశాయి, అంటే ఒకవైపు దాన్ని హెడ్జ్ (నష్టానికి రక్షణ) అనుకుని ఇంకోవైపు కొనిపెట్టుకున్నవాళ్ళకి హెడ్జ్ పోయి కొన్నది మాత్రం మిగిలింది. అలాంటి రోజున మిమ్మల్ని కాపాడేది స్టాప్ కంటే చిన్న సైజే. 1 శాతం అనుకున్నది 3 శాతం అయినా బతికి ఉంటాం.

ఆ రోజు బయటపడే ఇంకో సంగతి, వేరు వేరు కాయిన్లు నిజానికి వేరు కావని. ఐదు ఆల్ట్‌కాయిన్లలో (బిట్‌కాయిన్ కాని మిగతా కాయిన్లలో) ఒక్కో శాతం రిస్క్ పెట్టి నేను పంచి పెట్టాను అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. బిట్‌కాయిన్ జారితే ఐదూ ఒకేసారి, దానికంటే ఎక్కువగా జారతాయి, కాబట్టి అది 5 శాతం రిస్క్ ఉన్న ఒకే ట్రేడ్. ఇప్పుడు తెరిచి ఉన్న అన్ని పొజిషన్ల రిస్క్ కలిపి 2 శాతం దాటకూడదు. మూడో మంచి అవకాశం కనిపిస్తే ముందున్న వాటిలో ఒకటి మూసి దారివ్వాలి, లేదా ఊరుకోవాలి. ఎక్కువసార్లు ఊరుకోవడమే జరుగుతుంది.

పడిపోతున్నదాన్ని ఇంకా కొని సగటు ధర తగ్గించుకోవడం గురించి రెండు మాటలు. 2022 మే మొదట్లో లూనా అనే కాయిన్ 80 డాలర్లు దాటి ఉంది. అది 40కి వచ్చినప్పుడు సగం ధరకి దొరుకుతోందని కొన్నవాళ్ళు, 10కి వచ్చినప్పుడు ఇంకా చవక అని మళ్ళీ కొన్నవాళ్ళు, వారం పది రోజుల్లో అది సెంట్‌లో వందో వంతు కూడా లేని స్థితికి వచ్చేసరికి మొత్తం పోగొట్టుకున్నారు. 90 శాతం పడిన కాయిన్ అంటే 80 శాతం పడి, అక్కడ కొన్నవాళ్ళని మళ్ళీ సగానికి కోసిన కాయిన్ అని ఎవరో సరిగ్గా లెక్క చెప్పారు. ముందే అనుకుని, మొత్తం రిస్క్ 1 శాతం లోపే ఉండేలా రెండు విడతలుగా కొంటే అది వేరు. నష్టం చూసి తర్వాత కలిపేది మాత్రం నా షీట్‌లో ఎర్ర రంగే.

ఇంతవరకు అంతా లెక్క. లెక్క తెలిసినంత మాత్రాన చేతులు ఊరుకోవు, ఆ సంగతి వేరే. మొదట నేను సంకల్పం మీద ఆధారపడ్డాను. రూల్స్ కాగితం మీద రాసి స్క్రీన్ పక్కన అంటించడం, ట్రేడ్‌కి ముందు కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చడం లాంటివి. ఎవరికైనా పని చేస్తాయేమో, నాకు మాత్రం నష్టం తగిలిన నిమిషంలో ఆ కాగితం కంటికే ఆనలేదు. పని చేసినవన్నీ నన్ను నేను నమ్మకుండా చేసిన ఏర్పాట్లే. ఖాతాలో చాలా భాగం ట్రేడింగ్ ఖాతా నుంచి తీసేసి, చిన్న పరికరంలో ఉండే సొంత వాలెట్‌కి పంపేశాను. వెనక్కి తేవాలంటే పరికరం తీయాలి, పిన్ కొట్టాలి, నెట్‌వర్క్ కన్ఫర్మ్ అయ్యేదాకా ఆగాలి. ఆ కొన్ని నిమిషాల్లోనే ఆవేశం చాలావరకు దిగిపోతుంది. ఫోన్‌లోంచి ట్రేడింగ్ యాప్ తీసేశాను, ఫోన్‌లో ధర అలర్ట్‌లు మాత్రమే, ఆర్డర్ వేయాలంటే కంప్యూటర్ ముందు కూర్చోవాలి. పడుకుని, ఒంటిగంటకి, ఒక కన్ను మూసుకుని వేసిన ట్రేడ్లు ఫైల్‌లో ఎన్ని ఉన్నాయో చూశాక ఈ నిర్ణయానికి పెద్దగా ఆలోచించలేదు.

ఒక నష్టం తర్వాత కనీసం నాలుగు గంటలు కొత్త ట్రేడ్ లేదు. రోజులో 2 శాతం పోతే ఆ రోజుకి ముగిసింది, వారంలో 4 పోతే వారానికి ముగిసింది. కొన్ని ఎక్స్ఛేంజ్‌లలో కొంతకాలం ఫ్యూచర్స్ తలుపు మనమే మూసుకునే సెట్టింగ్ ఉంటుంది, ఆ గడువు తీరేదాకా బతిమాలినా తెరుచుకోదు. మీ దాంట్లో ఉంటే సిగ్గుపడకుండా వాడండి. నాలుగు గంటల రూల్ వల్ల కొన్ని మంచి ట్రేడ్లు తప్పిపోయాయి, మొదట్లో అది నష్టం కంటే ఎక్కువ మండించింది. అలా తప్పిపోయినవన్నీ కూడా షీట్‌లో రాయడం మొదలుపెట్టాను, వేసి ఉంటే ఏమయ్యేదో. కొంతకాలానికి చూస్తే అవి కూడా మామూలు ట్రేడ్లలాగే సగం గెలిచి సగం ఓడేవే. గుర్తుండేవి మాత్రం గెలిచి ఉండేవే.

వరసగా ఓడటం గురించి కూడా ముందే లెక్క చూసుకోవడం మంచిది, లేకపోతే నాలుగో నష్టానికే పద్ధతి చెడిపోయిందనిపించి అన్నీ మార్చేస్తాం. సగానికి సగం గెలిచే పద్ధతిలో 100 ట్రేడ్లు వేస్తే ఎక్కడో ఒకచోట వరసగా ఆరు ఓడే అవకాశం సగం కంటే ఎక్కువే ఉంది. అంటే అది అరిష్టం కాదు, మామూలు వాతావరణం. 1 శాతం రిస్క్‌తో వరసగా పది ఓడినా ఖాతాలో 90 శాతం మిగిలే ఉంటుంది, 10 శాతం రిస్క్‌తో అదే పది ఓడితే మిగిలేది 35. ఈ రెండు అంకెలు చూశాక లాభం తక్కువ వస్తుందనే గొణుగుడు తగ్గింది.

ట్రేడింగ్‌కి సంబంధం లేని రిస్క్‌లు కూడా ఉన్నాయి, నష్టాల గోలలో వాటిని మర్చిపోతాం. డబ్బు ఎక్స్ఛేంజ్‌లో ఉన్నంతసేపు అది మీకు వాళ్ళు బాకీ ఉన్నట్టు, మీ జేబులో ఉన్నట్టు కాదు. 2022 జూన్‌లో సెల్సియస్ అనే క్రిప్టో అప్పుల సంస్థ ఖాతాదారులు డబ్బు వెనక్కి తీసుకోకుండా ఆపేసింది, నవంబర్ 11న ఎఫ్‌టీఎక్స్ అనే ఎక్స్ఛేంజ్ దివాలా పిటిషన్ వేసింది, అందులో ఎంత జాగ్రత్తగా స్టాప్‌లు పెట్టుకున్నవాళ్ళు ఉన్నా ఒరిగిందేమీ లేదు. స్టేబుల్‌కాయిన్ (డాలర్‌తో సమానంగా నిలబడాల్సిన కాయిన్) కూడా పేరులో ఉన్నంత స్థిరం కాదు, 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంక్ కూలినప్పుడు యూఎస్‌డీసీ కొంతసేపు 90 సెంట్ల కిందికి పోయి తర్వాత కోలుకుంది, అంతకుముందు ఏడాది లూనా తెచ్చిన టెర్రా వాళ్ళ యూఎస్‌టీ అనే స్టేబుల్‌కాయిన్ అసలు కోలుకోనేలేదు. అందుకే ట్రేడింగ్‌కి కావాల్సిన మార్జిన్ తప్ప ఎక్స్ఛేంజ్‌లో ఏమీ ఉంచను.

ఇంకో రకం కూడా ఉంటారు, వీళ్ళు నష్టం వాసన పట్టి వస్తారు. పోగొట్టుకున్న క్రిప్టో రికవరీ చేసిపెడతామని, ముందు కొంచెం ఫీజు కట్టమని, లేదా వాలెట్ సీడ్ వాక్యం (వాలెట్‌కి తాళంచెవి లాంటి పదాల వరస) చెప్పమని. ట్రేడ్‌లో పోయిన డబ్బు ఎవరూ వెనక్కి తేలేరు, అది అవతలి వైపు ఉన్నవాడి లాభం అయిపోయింది. సీడ్ అడిగేవాడు దొంగే, ఇందులో రెండో మాట లేదు. మీ ఖాతా మేం నడిపిస్తాం, లాభంలో వాటా చాలు అనేవాళ్ళూ అంతే. పోతే మీది, వస్తే వాళ్ళది కూడా.

అప్పు తెచ్చిన డబ్బుతో, నెల ఖర్చుల డబ్బుతో ట్రేడ్ చేస్తుంటే పైన చెప్పినవేవీ పని చేయవు, ఎందుకంటే ఆ డబ్బుకి 1 శాతం నష్టం కూడా భరించే ఓపిక ఉండదు. ఆపలేకపోతున్నాను, ఇంట్లో దాస్తున్నాను, ఇంకొక్కటి అని అప్పు చేస్తున్నాను అనిపిస్తే అది ట్రేడింగ్ పద్ధతి సమస్య కాదు, జూదం వ్యసనానికి ఏ సాయం తీసుకుంటారో అదే సాయం కావాలి, ఆ మాట ముందు ఇంట్లో ఒక్కరితోనైనా చెప్పాలి. నేను కూడా ఖాతా నిజమైన అంకె దగ్గరివాళ్ళలో ఒకరికి చూపించాను. ఆ సంభాషణ ఏమంత సుఖంగా సాగలేదు, కానీ నెలకోసారి ఇంకొకరు షీట్ చూస్తారని తెలిస్తే స్టాప్ జరిపే ముందు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

మళ్ళీ మొదలుపెట్టినప్పుడు రిస్క్ పావు శాతం పెట్టాను. చచ్చేంత బోర్. గెలిచినా ఓడినా ఏమీ అనిపించనంత చిన్న అంకెలు. అదే కావాల్సింది అని కాస్త ఆలస్యంగా తట్టింది, ఏమీ అనిపించనప్పుడే ప్లాన్ ప్రకారం చేయగలుగుతున్నానా లేదా కనిపిస్తుంది. సైజ్ పెంచడానికి పెట్టుకున్న షరతులో లాభం అనే మాటే లేదు. వరసగా 30 ట్రేడ్లు, స్టాప్ కదపకుండా, సైజ్ లెక్క తప్పకుండా, నాలుగు గంటల గడువు మీరకుండా పూర్తయితే ఒక మెట్టు పెంచొచ్చు, ఒక్క రూల్ తప్పినా లెక్క మళ్ళీ ఒకటి నుంచి. లాభాన్ని షరతుగా పెడితే అదృష్టం బాగున్న వారంలో సైజ్ పెంచేసి, అది తిరగబడ్డప్పుడు పెద్ద సైజుతో దొరికిపోతాం. ఖాతా 10 శాతం తగ్గితే ఒక మెట్టు కిందికి దిగాలి, ఇది కూడా రాసి ఉంది. ఇప్పుడు ముప్పావు శాతం దగ్గర ఉన్నాను. తర్వాతి మెట్టుకి ఇంకా కొన్ని ట్రేడ్లు బాకీ ఉన్నాయి, ఈ మధ్య మార్కెట్ మందంగా కదులుతోంది కాబట్టి అవి పూర్తవడానికి టైమ్ పట్టేలా ఉంది.